చెవులప్పగించి

మా అమ్మ భయమంతా పేపర్లో చదివే రేవ్ పార్టీల గురించి. హైదరాబాద్ శివార్లలో ఏదో ఫామ్‌హౌస్ మీద పోలీసులు దాడి చేశారన్న వార్త వచ్చినప్పుడల్లా తెనాలి నుంచి ఫోన్ వచ్చేది. "నువ్వెళ్లేవి ఇలాంటివి కాదు కదరా?" కాదమ్మా అనేవాణ్ని. అబద్ధం కాదు. నేను బీరు కూడా ముట్టను. జేబులో టికెట్టు, సంచీలో మంచినీళ్లు, అంతే. ఆ మాట చెప్పుకోవడంలో కొంత పొగరు కూడా ఉండేది. చుట్టూ ఉన్నవాళ్లు ఏమేం మింగుతున్నారో చూస్తూ, నేను మాత్రం అచ్చంగా సంగీతం కోసం వచ్చినవాణ్నని లోలోపల మురిసిపోయేవాణ్ని. ఒంటికి చేటు చేసేదేదీ లోపలికి పోనివ్వడం లేదనుకున్నాను. చెవులు నా లెక్కలోకే రాలేదు.

ఇప్పుడు నా చెవుల్లో పగలూ రాత్రీ సన్నగా కీచుమనే మోత ఒకటి వినిపిస్తుంటుంది. ఎడమవైపు కాస్త ఎక్కువ. టినిటస్ అంటారు. దీన్ని మాన్పే మందు లేదు. అలవాటు పడాలి, పడుతున్నాను. జాలి కోసం రాయడం లేదు. ఇది ఎలా వచ్చిందని వెనక్కి తిరిగి చూసుకుంటే తెలియనితనం కన్నా భక్తే ఎక్కువ పని చేసిందని తోస్తోంది. పైగా నాతోపాటు ఇంకొకరి చెవుల్ని కూడా అందులోకి లాగాను. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నా భక్తి అబవ్ అండ్ బియాండ్ మీద. జోనో గ్రాంట్, టోనీ మెగినెస్, పావో సిల్యమాకి, ముగ్గురూ కలిసి లండన్ నుంచి నడిపే బృందం. వాయించేది ట్రాన్స్. వాళ్ల రికార్డు కంపెనీ పేరు అంజునాబీట్స్. 2000లో పెట్టినప్పుడు గోవాలోని అంజునా బీచ్ పేరే తీసుకున్నారు. అందుకే లోకంలో ఎక్కడున్నా వాళ్ల అభిమానులు తమను అంజునా కుటుంబం అని చెప్పుకుంటారు. వాళ్ల రేడియో కార్యక్రమం 'ట్రాన్స్ అరౌండ్ ద వరల్డ్' 450వ భాగంతో ముగిసింది. ఆ ముగింపు లండన్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో జరగలేదు, 2012 నవంబరు 10న బెంగళూరులో జరిగింది. 'గ్రూప్ థెరపీ' అనే కొత్త కార్యక్రమం మొదలైందీ ఆ రాత్రే. అప్పటికి నేను బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరాను. హెడ్‌ఫోన్స్‌లో మాత్రమే ఎరిగిన పాటను వేలమంది ఒక్క గొంతుతో పాడుతుంటే వినడం అదే మొదలు. ఏ సినిమా హీరోకీ కట్టని బ్యానర్ ఆ రాత్రి మనసులో కట్టేసుకున్నాను.

ట్రాన్స్ తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. నిమిషానికి 130కి పైబడిన దెబ్బలతో తాళం పరుగెడుతుంటుంది. మధ్యలో ఉన్నట్టుండి దెబ్బ ఆగిపోతుంది. స్వరం ఒక్కటే మిగులుతుంది, నెమ్మదిగా పైకి లేస్తుంది, జనమంతా ఊపిరి బిగబడతారు, అప్పుడు దెబ్బ మళ్లీ విరుచుకుపడుతుంది. అదే డ్రాప్. అబవ్ అండ్ బియాండ్ షోలలో ఆ ఘడియకు ఒక ఆచారం ఉంది. ముందు వరసలోంచి ఒకరిని వేదిక మీదికి పిలుస్తారు. సంగీతం అంచు దాకా వచ్చి ఆగుతుంది. వెనక తెర మీద అప్పటికప్పుడు టైపు చేసిన అక్షరాలు వెలుగుతాయి. పిలిపించుకున్న మనిషి బటన్ నొక్కితే డ్రాప్ పడుతుంది. ఆ పిలుపు కోసం అట్టముక్కల మీద రాసుకుని వచ్చేవాళ్లు ఉంటారు. నేనూ రాసుకున్నాను. నన్నెప్పుడూ పిలవలేదు.

పిలవాలంటే ముందు కనబడాలి కదా. అందుకని నేనూ నాలాంటి అభిమానులూ గేట్లు తెరవక ముందే చేరేవాళ్లం. వేదిక ముందుండే ఇనప కంచెను మావాళ్లు రెయిల్ అంటారు. దాన్ని ఒకసారి పట్టుకున్నాక ఆకలైనా దాహమైనా వదలకూడదు. వెనక పచ్చిక మీద కూర్చునేవాళ్లు మా దృష్టిలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు. సియాటెల్ వచ్చాక, 2017 సెప్టెంబరులో గ్రూప్ థెరపీ 250వ భాగం కోసం గార్జ్ యాంఫీథియేటర్‌కు వెళ్లాం. కొలంబియా నది లోయ అంచున కట్టిన వేదిక అది. పైన పచ్చిక మీద కూర్చుంటే వేదిక వెనక నది, కొండలు, వాటి మీద సాయంకాలపు ఎండ, అన్నీ కనబడతాయి. ఆ ఊరికి జనం వచ్చేదే అందుకు. రెయిల్ దగ్గర నిలబడితే వేదికే అడ్డం. ఆ లోయను నేను తర్వాత ఫోటోల్లో చూశాను.

ఆ రెయిల్‌కు అవతల, అడుగుల దూరంలో, నేల మీద సబ్‌వూఫర్లు పేర్చి ఉంటాయి. వాటి దెబ్బ చెవికన్నా ముందు రొమ్ముకు తెలుస్తుంది. పాటలో ఉన్న వివరమంతా సరిగ్గా వినబడే చోటు వెనకెక్కడో, సౌండ్ ఇంజినీరు బల్ల పక్కన ఉంటుంది. అతను అక్కడ విని సరిచేస్తాడు కాబట్టి ధ్వని అక్కడికే కుదురుతుంది. కొందరు ఇంజినీర్ల చెవుల్లో ప్లగ్స్ ఉంటాయి. ఈ రెండు సంగతులూ నాకు చాలాకాలంగా తెలుసు. అయినా రెయిలే కావాలి. సంగీతం బాగా వినబడటం కన్నా దానికి దగ్గరగా ఉండటం ముఖ్యమైపోయింది. ఆ రెండింటికీ తేడా ఉందని అప్పుడెవరైనా అంటే వాదనకు దిగేవాణ్ని.

షో అయ్యాక చెవులు దిబ్బెళ్లు పడేవి. పక్కనున్నవాడు మాట్లాడితే ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టుండేది. పడుకుంటే గుయ్‌మని మోత. మర్నాడు ఆఫీసు మీటింగులో అరిచి మాట్లాడుతుంటే, జలుబు చేసిందా అని అడిగేవాళ్లు. రెండు మూడు రోజులకు సర్దుకునేది. మాకు అది బాధ కాదు, బహుమానం. "ఇంకా మోగుతోందిరా" అని ఒకరికొకరం మెసేజులు పెట్టుకునేవాళ్లం. ఎంతసేపు మోగితే షో అంత బాగా జరిగినట్టు.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడుంది. తగ్గింది కాబట్టి ఏమీ కాలేదనుకోవడం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సుమారు పదిహేను వేల రోమకణాలు ఉంటాయి. పెద్ద శబ్దానికి అవి గాలివానకు వరిచేను పడిపోయినట్టు పడిపోతాయి. కొన్ని తిరిగి లేస్తాయి. చేలో అయితే పడ్డ దుబ్బుల్ని కట్టలు కట్టి నిలబెడతారు, మరుసటి ఏడాది మళ్లీ నాట్లు వేస్తారు. మనిషి చెవిలో చచ్చిన రోమకణం మళ్లీ మొలవదు. అసలు కణాలు బాగానే ఉన్నా, వాటి నుంచి మెదడుకు కబురు మోసే నరాల కొసలు ముందే తెగిపోవచ్చని 2009లో షారన్ కుజావా, చార్లెస్ లీబర్మన్ ఎలుకల మీద చేసిన పరిశోధనలో తేలింది. ఎలుకలకు వినికిడి పూర్తిగా తిరిగి వచ్చినట్టే పరీక్షలు చూపించాయి. లోపల చూస్తే ఆ భాగంలో సగం దాకా అతుకులు పోయాయి. మనుషుల్లో ఇది ఎంత మేర జరుగుతుందన్నది ఇంకా వాదనల్లోనే ఉంది. నా మటుకు నాకు ఆ వాదన తేలేదాకా ఆగే అవసరం లేకపోయింది.

మా పిన్ని కూతురు ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తల్లో, పండగ సెలవులకు మా ఇంటికి వచ్చింది. సియాటెల్‌లో ఒక హాల్లో షో ఉంటే తీసుకెళ్లాను. ఏ హాలో అనవసరం, అక్కడ జరిగిన తప్పు నాది. లోపలికి వెళ్లగానే ఆ పిల్ల బ్యాగులోంచి నారింజ రంగు ఫోమ్ ప్లగ్స్ తీసి చెవుల్లో పెట్టుకుంది. రూమ్మేట్ ఇచ్చిందట. నాకు నామోషీ అనిపించింది. మా గుంపు అంతా చూస్తున్నారు. "చెవులు మూసుకుని వినడానికి ఇంత దూరం రావాలా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను, చెయ్యి కూడా చాచాను. తీసి నా చేతిలో పెట్టింది. వాటిని నేను జేబులో వేసుకున్నాను. తర్వాత రెయిల్ దగ్గర నా పక్కనే చివరిదాకా నిలబడింది. ఆ రాత్రి నాకు ఆమె మీద ఎంత గర్వంగా అనిపించిందో తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఆ తర్వాత పిలిస్తే ఎప్పుడూ అసైన్‌మెంట్ ఉందనేది. చదువుల పిల్ల అనుకున్నాను.

ఈ కథలో ఇంకో వేషం కూడా ఉంది. మా ఊళ్లో బాబాయి కూతురి పెళ్లి ఊరేగింపుకు డీజే పెట్టించారు. బాక్సుల బండి మా అరుగు ముందు నుంచి పోతుంటే కిటికీ అద్దాలు అదిరాయి, నాయనమ్మ రెండు చెవులూ అరచేతుల్తో మూసుకుంది. "ఇది పాటా? మోత!" అని నలుగురిలో తిట్టిపోశాను. మతపరమైన ఊరేగింపుల్లో డీజే సిస్టమ్‌లు వాడకూడదని 2024లో హైదరాబాద్ పోలీసులు ఉత్తర్వులిస్తే, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మొదటి చప్పట్ల బొమ్మ నాదే. వాళ్లది మోత, నాది సంగీతం. రోమకణానికి ఈ విచక్షణ ఉండదని ఆ చలికాలంలోనే తెలిసింది.

తెలిసిందీ గొప్పగా ఏమీ కాదు. గోదాములాంటి చోట ఒక టెక్నో షో నుంచి వచ్చాను. చెవులు మోగాయి. రెండు రోజులు చూశాను, వారం చూశాను, తగ్గలేదు. మా ఆవిడ వంటింట్లోంచి "చారు వేడి చెయ్యనా?" అంటే, "కారు నిన్ననే కడిగించాను కదా" అన్నాను. నవ్వుకున్నాం. ఆ తర్వాత అలాంటివి ఎక్కువయ్యాక నవ్వు తగ్గింది. చ, స, శ, ఫ లాంటి ధ్వనుల్లో బలమంతా పై స్థాయిల్లో ఉంటుంది. శబ్దానికి ముందుగా దెబ్బతినేదీ ఆ స్థాయిలే. ఆడియాలజిస్టు గాజు గదిలో కూర్చోబెట్టి, వినబడినప్పుడల్లా బటన్ నొక్కమంది. బటన్ నొక్కే అవకాశం నాకు దక్కింది అప్పుడే. గ్రాఫు కాగితం మీద గీత నేరుగా వచ్చి, 4000 హెర్ట్జ్ దగ్గర లోయలా దిగి మళ్లీ లేచింది. "కర్మాగారంలో పని చేశారా? తుపాకులు కాలుస్తారా?" అని అడిగింది. డాన్సు షోలకు వెళ్తానని చెప్పడానికి సిగ్గేసింది.

ఆమె వేసి చూపించిన లెక్క చిన్నదే. అమెరికాలో కార్మికుల చెవుల కోసం నియోష్ అనే సంస్థ సూచించిన హద్దు రోజుకు ఎనిమిది గంటలు, 85 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్‌కు ధ్వని శక్తి రెట్టింపు అవుతుంది కాబట్టి సమయం సగానికి పడిపోతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, అలా దిగుతూ 100 దగ్గరికి వచ్చేసరికి పావుగంట మిగులుతుంది. ఇలాంటి షోలలో 100 దాటడం వింత కాదు. అయిదు గంటలు ఉంటే ఇరవై రోజుల కోటా ఒక్క రాత్రిలో ఖర్చయినట్టు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. ఈ గుణింతం ఇన్నేళ్లలో ఒక్కసారి వేసుకుని చూడలేదు.

మరి అందరికీ ఇంతేనా, వినడం మానుకోవాలా అని అడిగాను. అక్కర్లేదంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2015 సెప్టెంబరులో ఒక ఆరుబయలు సంగీతోత్సవానికి 51 మందిని తీసుకెళ్లి, సగంమందికి ఇయర్‌ప్లగ్స్ ఇచ్చి, మిగతావాళ్లను ఉత్త చెవులతో నాలుగున్నర గంటలు ఉంచి పరీక్ష చేశారు. సగటు ధ్వని ఇంచుమించు 100 డెసిబెల్స్. వినికిడి తాత్కాలికంగా తగ్గింది ప్లగ్స్ పెట్టుకున్నవాళ్ల చెవుల్లో నూటికి 8, పెట్టుకోనివాళ్లలో 42. చెవులు మోగింది ఇటు నూటికి 12 మందికి, అటు 40 మందికి. ఖర్చల్లా ఒక జత ప్లగ్స్.

ఫోమ్ ప్లగ్స్ పాటను దుప్పటి కప్పేసినట్టు చేస్తాయన్న మా ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అవి పై స్థాయిల్ని ఎక్కువగా కోసేస్తాయి. కానీ అన్ని స్థాయిల్నీ సమంగా తగ్గించే సంగీతకారుల ప్లగ్స్ 1988 నుంచే అమ్మకంలో ఉన్నాయి. లోపల చిన్న ఫిల్టర్ ఉంటుంది, పాట పాటలాగే ఉండి శబ్దం ఒక్కటే తగ్గుతుంది. ఇప్పుడు అవే పెట్టుకుంటున్నాను. గాయని మాటలు నాకు మునుపటికన్నా స్పష్టంగా తెలుస్తున్నాయి. మరీ పెద్ద శబ్దంలో చెవి తనంతట తానే ధ్వనిని వంకర తిప్పుతుందట. దూది మాత్రం పెట్టుకోకండి, అది ఆపేది బహు స్వల్పం.

ఈ భారమంతా వినేవాడి నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. టుమారోలాండ్ అనే సంగీతోత్సవం జరిగే బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 2013 నుంచి చట్టముంది. గంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు. 95 దాటే చోట ప్లగ్స్ ఉచితంగా పంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికల కోసం ప్రకటించిన ప్రమాణం కూడా 100 డెసిబెల్స్ దగ్గరే గీత గీసింది. ధ్వనిని ఎప్పటికప్పుడు కొలవాలి, చెవులకు విశ్రాంతినిచ్చే నిశ్శబ్దపు చోటు ఉండాలి అంటుంది. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు రాత్రి పదింటికి ఆరుబయట లౌడ్‌స్పీకర్ ఆపమంటాయి. గోవాలో ఆరుబయలు షోలు పదింటికి ముగించాల్సింది అందుకే. ఆ నిబంధన చుట్టుపక్కల ఇళ్లవాళ్ల నిద్ర కోసం రాసింది. కంచెకు లోపల, స్పీకరు ముందు నిలబడ్డ కుర్రాడి గురించి అందులో ఏమీ లేదు. నిజానికి ఆ కుర్రాడు తన గురించి ఏమైనా రాస్తే ఒప్పుకునే రకమూ కాదు, నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

అబవ్ అండ్ బియాండ్ 2019లో 'ఫ్లో స్టేట్' అని ఒక ఆల్బమ్ తెచ్చారు. అందులో దెబ్బ ఉండదు, డ్రాప్ ఉండదు, నెమ్మదైన నీటి వాలులాంటి స్వరాలు. వచ్చినప్పుడు ఒకసారి విని, ఇది పడుకోబోయే ముందు వినేది అని పక్కన పెట్టేశాను. ఇప్పుడు పడుకోబోయే ముందు అదే పెట్టుకుంటున్నాను, కాస్త పెద్దగా. పియానో స్వరం వాలిపోయి మౌనం మొదలయ్యే చోటల్లా నా కీచు మోత పైకి తేలుతుంది. వాళ్లు ఏరికోరి వదిలిన మౌనం నాకు దక్కదు.

షోలకు వెళ్లడం మానలేదు. ఇంజినీరు బల్ల పక్కన నిలబడతాను. మరీ వెనక్కి వెళ్లినా లాభం తక్కువని కూడా తెలుసుకున్నాను. వేలాడదీసే ఆ స్పీకర్ల వరసలు దూరానికి శబ్దం అంతగా తగ్గకుండా కట్టినవే. మధ్యలో ఒకటి రెండు సార్లు బయటికొచ్చి కాసేపు కూర్చుంటాను. అదనపు జతలు జేబులో పెట్టుకుని, పక్కన కుర్రాళ్లకు ఇవ్వబోతాను. చాలామంది వద్దంటారు. ఒకడు నన్ను ఎగాదిగా చూసి, "అంకుల్, ఇంత పెద్దగా ఉందనుకుంటే ఇంట్లో వినొచ్చు కదా" అన్నాడు. తెలుగు కుర్రాడే. జవాబు తోచలేదు. బటన్ నొక్కే ఘడియ వచ్చినప్పుడు మాత్రం కాళ్లు వాటంతటవే నాలుగడుగులు ముందుకు పడతాయి.

పరీక్ష అయిన వారంలో మా చెల్లికి, ఆ పిన్ని కూతురికి, ఫోన్ చేశాను. ఇప్పుడు ఆస్టిన్‌లో ఉద్యోగం చేస్తోంది.

"ఆ రోజు నీ చెవులు మోగాయా?"

"మూడు రోజులు," అంది. "క్లాసులో ప్రొఫెసర్ చెప్పేది సగం వినబడలేదు. భయమేసింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏమంటావు అన్నయ్యా? మొదటిసారి అందరికీ అంతేలే అంటావు."

సరిగ్గా ఆ మాటే అనేవాణ్ని. క్షమించమని అడిగాను. ఏదో పాత సంగతిలే అన్నట్టు నవ్వేసి, పిన్ని మోకాళ్ల నొప్పుల వైపు మాట తిప్పింది. నేను వదలకుండా పరీక్ష చేయించుకోమని పోరాను. చేయించుకుని రిపోర్టు ఫోటో పంపింది. గీత నేరుగా ఉంది, ఎక్కడా లోయ లేదు. "చూశావా, నేను బాగానే ఉన్నాను" అని కింద రాసింది. కుజావా, లీబర్మన్ ఎలుకల్లో చూసిన నష్టం మామూలు వినికిడి పరీక్షలో కనబడదు. ఆ సంగతి ఆమెకు ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు ఆగిపోయాను. అనవసరంగా భయపెట్టడమే అవుతుందా, దాచిపెట్టడం అవుతుందా అన్నది తేల్చుకోలేకపోయాను. ఇది అచ్చయితే ఎలాగూ చదువుతుంది.